జోడు పట్టీ

గట్టు తెగి లంకలోకి నీళ్ళతో పాటు ఎవరిదో పెళ్ళిపందిరి కూడా కొట్టుకొచ్చిన వరద ఉంది చూడండి, దాని తరవాత మూడో ఏడు ఇది జరిగింది. మా లంకలో ఏ సంగతైనా వరదతోనే చెబుతాం. ఫలానా వరదకి ముందు ఈనిన గేదె, ఫలానా వరద తరవాత వేసిన పాక, అలాగ. నేను తాడిచెట్టు మీంచి పడింది ఆ వరదకి ముందు ఏడు. నా బిళ్ళలు ఆపేసింది మూడో ఏడు, వేసంగిలో.

పడటంలో నా తప్పు లేదు. మోకు తెగింది. నడుంకీ చెట్టుకీ కలిపి మోకు, చేతిలో కత్తి, మొలకి ముంత, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మోకు తెగింది, అంతే.

నడుం కింద ఎముక చితికింది. ఎముక అతుక్కుంది గానీ దాని పక్కనున్న నరం నలిగిపోయిందన్నారు. అప్పట్నించీ తుంటి దగ్గర్నించి మడమ దాకా ఎడం కాలు పొడుగునా నిప్పు. కొలిమిలో పెట్టి తీసినట్టు కాదు. పెట్టి మర్చిపోయినట్టు.

దానికి మార్ఫిన్ బిళ్ళలిచ్చేరు. నల్లమందు పాలలోంచి తీస్తారట. పొద్దునొకటి, సాయంత్రం ఒకటి. వాటితో నిప్పు ఆరదు, మీద బూడిద కప్పుతుంది. నాకు అంత చాలు. కూచోగలను. తాటాకు చీరి, ఈనె తీసి అందిస్తే మా ఆవిడ, పేరు పల్లాలు, బుట్టలల్లేది. అన్నం కూచుని తినేవాణ్ణి. మనిషి కూచుని అన్నం తినటం కూడా ఒక సంగతేనని అంతకుముందు నాకు తెలవదు.

పట్నాల్లో కుర్రాళ్ళు ఆ బిళ్ళలు నూరి నరాలకి ఎక్కించుకుని చచ్చిపోతున్నారని సర్కారు కొత్త చట్టం తెచ్చింది. ఇక డాక్టరు రాస్తే చాలదు. నొప్పి ఉందని సాక్ష్యం కావాలి. నొప్పికి సాక్ష్యం ఏవిటి, ఎవడి ఒంట్లోది వాడికే గదా అనుకున్నాం. ఆ చిక్కు తియ్యడానికే జోడు పట్టీ వచ్చింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, బిళ్ళేసుకుని బయల్దేరేను. పంటు మీద పాయ దాటి, అవతల రేవులో బస్సెక్కి ఆస్పత్రికి చేరేం. చిన్న గది. ఎదురెదురుగా రెండు కుర్చీలు. మధ్యలో బల్ల మీద చిన్న పెట్టె. దాన్నించి రెండు తీగలు, ఒక్కో తీగకీ చివర మెడకి కట్టుకునే నల్ల పట్టీ. ఒక కుర్చీలో ముప్ఫై ఏళ్ళ మనిషి కూచున్నాడు. పేరు జోగినాయుడు, విజయనగరం వైపు వాడు. ఉద్యోగం పేరు నొప్పి సాక్షి.

"పేరేటి తాతా?"

"దొమ్మేటి ముసలయ్య."

"పుట్టినప్పట్నించీ ముసలయ్యేనా?"

పల్లాలు అందుకుంది. "ఈయనకి ముందు పుట్టినోళ్ళు దక్కలేదు బాబూ. వీడైనా ముసలాడయ్యేదాకా బతకాలని అలా పెట్టేరు."

"అయితే పేరు పెట్టినోళ్ళకి దండం పెట్టాల. మా అమ్మ నాకు జోగి అని పెట్టింది, ఇలాగ అందరి నొప్పులూ అడుక్కుంటన్నాను."

పల్లాలు నవ్వింది. వాడు ఒక పట్టీ నా మెడకి కట్టి, రెండోది తన మెడకి కట్టుకున్నాడు. వాడి కుర్చీ చేతికి సైకిలు బ్రేకులాంటి పిడి ఉంది.

"నీ ఒంట్లో ఉన్నది ఒక్క నిమిషం నా ఒంట్లోకి వస్తాది తాతా. ఎంతొస్తే అంత ఈ పిడి పిసుకుతాను. పది దాకా అంకెలున్నాయి. ఆరు దాటితే నీ బిళ్ళలు నీకు."

"రోజూ ఇదే పనా బాబూ?" అంది పల్లాలు.

"ఇదే. పొద్దున్న కేన్సరు, మజ్జాన్నం కీళ్ళు. ఇంటికెళ్ళి తీరిగ్గా నా తలనొప్పి నేను పడతాను."

మీట నొక్కేడు. మెడ దగ్గర చీమలు పాకినట్టయింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. నేను గోడకేసి చూస్తూ కూచున్నాను. నిమిషం అయ్యేసరికి పెట్టె మీద నాలుగు పడింది.

"నాలుగేవిటి?" అంది పల్లాలు.

జోగినాయుడు మెడ రుద్దుకున్నాడు. "తగిలింది అమ్మా. నిప్పే. కాదన్ను. కానీ ఏటికి అవతలి గట్టున గడ్డివామి తగలబడతంటే ఇవతల నిలబడి చూసినట్టుంది."

"ఇంకొంచెం పిసకొచ్చు గదా బాబూ. ఎవరు చూడొచ్చేరు?"

"ఇది చూస్తాదమ్మా," అని పెట్టె మీద తట్టేడు. "నా గుండె, నా చెమట అన్నీ చూసుకుంటాది. దొంగపిసుకుడు పిసికితే పట్టేస్తాది. నా ఉద్యోగమూ పోతాది, తాత మందుల కార్డూ పోతాది."

బిళ్ళలు సగం చేసేరు. రోజుకి ఒకటే. నెల తరవాత మళ్ళీ రమ్మన్నారు.

తిరుగు బస్సులో పల్లాలు తల కొట్టుకుంది. "బిళ్ళేసుకుని ఎల్తే ఇంక నొప్పెక్కడ కనపడుద్ది! నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. పేరంటానికెళ్ళినట్టు చొక్కా ఒకటి!"

"ఏసుకోపోతే బస్సెలా ఎక్కను?" అన్నాను.

ఆ నెల ఎలా గడిచిందో చెప్పడానికేం లేదు. సగం రోజు మనిషిని, సగం రోజు కాదు. మధ్యాన్నం తిరిగేసరికి కూచోలేను, పడుకోలేను. పాకలో నిట్రాడ పట్టుకుని నిలబడేవాణ్ణి. అన్నం అలా నిలబడే తినేవాణ్ణి. ఆకు చీరేవాడు లేక తాటాకు మండువేసంగిలో పెళుసెక్కి విరిగిపోయింది. చీరటమూ అల్లటమూ పల్లాలే చేసింది. వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని అల్లేది.

"కాస్త వదలవయ్యా ఆ నిట్రాడ. నువ్వొదిలితే పాకేం కూలదు," అనేది. ఇంకోసారి, "మూలిగితే నీ సొమ్మేం పోద్ది? మూలుగు. ఇంట్లో మనిషున్నాడని నాకైనా తెలుస్తాది," అని అరిచింది.

నాకు మూలగటం రాదు.

రెండోసారికి బిళ్ళ మానేసి వెళ్ళాలని ఆవిడే తీర్మానం చేసింది. ముందురోజునించే మానేసేను. పంటు మీద కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా కాలు లేదనుకుందామని చూసేను, అది ఉన్నానంటూనే ఉంది. చొక్కా తడిసి ఒంటికంటుకుపోయింది. ఎవరో లేచి చోటిస్తే పల్లాలు, "కూచోలేడమ్మా, నువ్వు కూచో," అంది. ఆవిడ ముఖంలో మాత్రం ధైర్యం ఉంది. "ఇవాళ ఆ పిడి విరగాలి," అంది.

రెండు పడింది.

జోగినాయుడు అంకె చూసి నా ముఖం చూసేడు. పట్టీలు విప్పి, తుడిచి, మళ్ళీ కట్టేడు. మళ్ళీ రెండే.

"ఇదేటి తాతా! పోయినసారి గడ్డివామైనా కనపడింది. ఇప్పుడు తలుపేసేసినట్టుంది."

పెట్టెలోంచి కాగితం దానంతటదే వచ్చింది. జోగినాయుడు చదివి వినిపించేడు. మందు తగ్గించిన తరవాత నొప్పి తగ్గినట్టు నిర్ధారణ అయినది. కావున మందు అవసరం లేదు.

పల్లాలు ఆ కాగితం లాక్కుంది. "ఎవరికి తగ్గింది? ఎవడన్నాడు తగ్గిందని? ఈ డబ్బానా? ఇదిగో బాబూ, ఆ చొక్కా పిండు. పిండి చూడు!"

"కంటికి కనపడతంది అమ్మా," అన్నాడు వాడు తల దించుకుని. "నా కంటికి ఇక్కడ విలువ నేదు. మెడకే విలువ."

ఆఖరికి వాడే ఒక దారి చెప్పేడు. ఈ పట్టీ కనిపెట్టిన డాక్టరమ్మ పదిహేనురోజులకోసారి వస్తుంది, లెక్క కుదరని వాళ్ళని చూస్తుంది, పేరు రాయిస్తాను రమ్మన్నాడు.

ఆ పదిహేనురోజులూ ఒక్క బిళ్ళ లేదు.

డాక్టరమ్మ పేరు హైమావతి. యాభై దాటిన మనిషి. వచ్చీ రాగానే సాక్షి పట్టీ తన మెడకి కట్టుకుని నా ఎదురుగా కూచుంది. నిమిషం అయ్యాక తన రెండు చేతులూ చూసుకుంది. రెండూ పిడికిళ్ళు బిగిసి ఉన్నాయి.

"మీరు ఏం పని చేసేవారు ముసలయ్యగారూ?"

"గీత."

"కల్లు గీతా? చెట్టు మీద ఏదైనా కుడితే ఏం చేస్తారు?"

ఇలాటి ప్రశ్న ఆస్పత్రిలో ఎవరూ అడగలేదు. చెప్పేను. మట్టల్లో కందిరీగలుంటాయి. ఒక్కోసారి కంటి రెప్ప మీద కుడతాయి. ఉలిక్కిపడకూడదు. ఉలిక్కిపడితే చెయ్యి వదులుతుంది. ఊపిరి బిగబట్టి, అది కుట్టింది వేరేవాణ్ణి అనుకోవాలి. ఎంత గట్టిగా కుడితే అంత గట్టిగా బిగబట్టాలి. చిన్నప్పటినించీ అంతే.

ఆవిడ తలూపింది. "మీ నొప్పితో పాటు ఆ బిగబట్టటం కూడా తీగలోంచి వస్తోంది. నాకూ అదే వచ్చింది. కందిరీగ నన్ను కాదు, ఇంకెవర్నో కుట్టినట్టుంది. మందు మానేస్తే మీరు ఇంకా బిగిస్తారు. అంకె ఇంకా తగ్గుతుంది."

"తెలిసింది గదమ్మా," అంది పల్లాలు. "రాసెయ్యండి."

"నేను రాస్తే చెల్లదండి."

"ఈ పట్టీ చేసిందే మీరంట గదా!"

"చేసినవాళ్ళు సాక్షి కాకూడదని రూలు." ఆవిడ పట్టీ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. "మా అమ్మ పదకొండేళ్ళు నడుంనొప్పితో పడుకుంది. నాటకమన్నారు ఇంట్లో. అమ్మ మాట ఎవరూ నమ్మలేదని ఇది చేశాను. ఇప్పుడు ఇది చెప్పిన మాట తప్ప ఎవరి మాటా నమ్మటం లేదు."

ఆవిడ ఒళ్ళోని పట్టీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవాళ ఇంకొక్క అవకాశం ఉంది. ఇవాళ కూడా అంకె ఆరు దాటకపోతే కేసు మూసేస్తారు. మీరా పట్టు వదలాలి ముసలయ్యగారూ."

"వదిలితే పడతాను."

"కుర్చీలో ఉన్నారు."

"తెలుసు," అన్నాను. నాకు తెలిస్తే ఏం లాభం? నాకు చెప్పినట్టు నా ఒంటికి ఎవరు చెబుతారు?

జోగినాయుడు వచ్చి కూచున్నాడు. ఆ పూట వాడి ముఖం పీక్కుపోయి ఉంది. పొద్దున్నే ఒక కాలిన మనిషిని చూసేడట. "కానీ తాతా. నిప్పయినా సరే, పంపించు," అన్నాడు నవ్వి. మీట నొక్కేడు.

నేను వదలాలని చూసేను. ఊపిరి వదిలేను. భుజాలు జారవిడిచేను. లోపల మాత్రం ఏదో మాను కావలించుకునే ఉంది. పెట్టె మీద ఒకటి, రెండు, అక్కడే ఆగింది. డాక్టరమ్మ గడియారం చూసుకుంటోంది. అప్పుడు పల్లాలు బెంచీ మీంచి లేచింది.

మా గీతవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. చెట్టు మీదున్నవాణ్ణి పలకరించకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. కింద ఎవరున్నా ఊరికే నిలబడాలి. వాడి కాళ్ళు నేలకి ఆనేక, కిందున్న ఆడమనిషి వాడి మొలనున్న ముంత అందుకుని, దిగేవా, అంటుంది. ఆ మాట వినేకే వాడు మోకు విప్పుకోవాలి. పెళ్ళయిన కాణ్ణించీ ఆ మాట నాకు పల్లాలే అంది. పడ్డరోజున మాత్రం ఎవరూ అనలేదు. నన్ను మంచం మీద మోసుకుపోయేరు. అనడానికి ఎవరికీ తోచలేదు.

ఆవిడ నా పక్కకొచ్చి నా మొల మీద చెయ్యేసింది, ముంత అందుకున్నట్టు.

"దిగేవా?" అంది.

నా ఒళ్ళు వదిలేసింది.

నాలుగేళ్ళు దాచినదంతా ఒక్కసారి వచ్చిపడింది. నా నోట్లోంచి అరుపొచ్చింది, అది నాదని తరవాత తెలిసింది. ఎదర జోగినాయుడు కుర్చీలోంచి లేచినట్టే లేచి పక్కకి ఒరిగిపోయేడు. చెయ్యి మాత్రం పిడి మీదే ఉంది.

"పది!" అని కేకేసింది పల్లాలు. "పది! చూసేవా, పది!" చేతులు చరిచింది. చరుస్తూ చరుస్తూ ఆగిపోయింది.

తీగకి అవతల ఒక మనిషున్నాడని మేమిద్దరం మర్చిపోయేం.

డాక్టరమ్మ పరిగెత్తి పట్టీ లాగేసింది. పట్టీ తీసినా వాడు మామూలు కాలేదు. పిడి మీంచి వాడి వేళ్ళు ఊడదియ్యడానికి ఇద్దరు పట్టేరు. కింద పడుకోబెడితే ఎడం కాలు పట్టుకుని, "అమ్మా, నా కాలు, నా కాలు," అంటున్నాడు. వాడి కాలికి ఏ దెబ్బా లేదు. ఏ చెట్టూ ఎక్కినవాడు కాడు.

"ఏవైందమ్మా?" అంది పల్లాలు.

"ఒక్కోసారి నరం నేర్చేసుకుంటుంది," అంది డాక్టరమ్మ. నేల మీద కూచుని వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. "కొన్నాళ్ళకి మర్చిపోవచ్చు. మర్చిపోకపోవచ్చు."

"ఈయనకిచ్చే బిళ్ళలు ఆ బాబుకీ ఇయ్యండి మరి."

"సాక్ష్యం కావాలి."

"సాక్షి ఆ బాబే గదా!"

"తన నొప్పికి తను సాక్షి కాకూడదు. ఈ జిల్లాకి ఇతనొక్కడే. కొత్త సాక్షి రావాలంటే ఉత్తరువు రావాలి."

"నాకు కట్టండి," అన్నాను.

"మీరు రోగి. చెల్లదు."

"నాకు కట్టండి," అంది పల్లాలు.

"శిక్షణ లేనివాళ్ళది చెల్లదమ్మా." ఆవిడ వాడి నుదురు తుడిచింది. "ఏదీ చెల్లదు. నేనే రాసిచ్చాను ఆ రూళ్ళు, తప్పుడు మనిషి కూచోకూడదని."

బల్ల మీద పెట్టె మాత్రం తన పని తను చేసుకుంటోంది. నా పేరు మీద కార్డు బయటికొచ్చింది. మందుల కిటికీ దగ్గర దాన్ని చూపిస్తే రెండు షీట్ల బిళ్ళలిచ్చేరు. కుళాయి దగ్గర ఒకటి మింగేను. మేం గేటు దాటేదాకా వాడి అరుపు వినపడుతూనే ఉంది.

పంటు మీద కూచున్నాను. చాలా రోజులకి స్థిమితంగా కూచున్నాను. పల్లాలు నీళ్ళకేసి చూస్తూ, "నేనే చేసేను," అంది.

"ఇద్దరం," అన్నాను.

ఆ రాత్రి బిళ్ళ పని తగ్గుతున్నప్పుడు ఇంకో సంగతి తెలిసింది. వెనకటి పట్టు తిరిగి రాలేదు. బిగబడదామంటే ఎక్కడ బిగబట్టాలో ఒంటికి తెలీటం లేదు. చేతికి మాను దొరకటం లేదు. మూలిగేను. పొయ్యి ముందు కూచున్న పల్లాలు ఉలిక్కిపడి చూసింది. మూలగమని పోరింది ఆవిడే. ఇప్పుడు చెవులు మూసుకుంది. ఇక ఈ బిళ్ళలు లేకపోతే నేను లేనని ఇద్దరికీ తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున్న మొదటి పంటుకి ఆస్పత్రికి వెళ్ళేను. పల్లాలు ఎందుకని అడగలేదు. వెనకాలే వచ్చింది.

జోగినాయుణ్ణి చివరి వార్డులో పడుకోబెట్టేరు. మంచం ఊచ పట్టుకుని ఉన్నాడు. పళ్ళు కరుచుకోవటం తెలియక పెదవి కొరుక్కున్నాడు, నెత్తురు గడ్డకట్టి ఉంది. తల దగ్గర డాక్టరమ్మ ఫోను చెవికి పెట్టుకుని ఎవర్నో బతిమాలుతోంది. గోడ మీద కెమేరా ఉంది. కార్డు బిళ్ళ ఇంకోడికిస్తే ఏవవుతుందో దాని కిందే పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నాకొచ్చిన చదువుకి అది చాలు. కూడబలుక్కుని చదివేను.

జేబులోంచి షీటు తీసి ఒక బిళ్ళ నొక్కేను.

"వద్దు తాతా," అన్నాడు జోగినాయుడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఆగుతోంది. "చూస్తంది. నీ కార్డు పోతాది. మళ్ళీ జన్మలో ఇయ్యరు."

"నోరు తియ్యి."

"నీకు తెలవదు..."

"నాకు తెలీకపోతే ఎవరికి తెలుసురా? తియ్యి."

డాక్టరమ్మ ఫోను కిందికి దించింది. నన్ను చూసింది, కెమేరాని చూసింది. వద్దంటుందనుకున్నాను. బల్ల మీద గ్లాసు తీసుకెళ్ళి కుళాయి దగ్గర నింపి తెచ్చి, వాడి తల పైకెత్తి పట్టుకుంది.

మింగేడు. నేను ఒక షీటు వాడి తలగడ కింద పెట్టి మంచం పక్కన కూచున్నాను. ఊచ మీంచి వాడి వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యేదాకా చూసేను. పల్లాలు వాడి కాలు ఒళ్ళో పెట్టుకుని రాస్తోంది.

గార్డు వచ్చి కార్డు అడిగేడు. ఇచ్చేను.